రాత్రి నిద్ర బిళ్ల, పొద్దున కౌంటర్లో పదివేలు తేడా. ఇంకెవరికైనా ఇట్టా అయిందా?

కౌంటర్ 3 (కావలి)
సోమవారం, రాత్రి 9:50

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదివిపోవడమే గానీ నేను రాసింది లేదు. నాకు 46 ఏళ్లు, ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్ చూస్తా. పదకొండు నెలల నుంచి రాత్రిళ్లు జోల్పిడెమ్ 10 ఎంజీ వేసుకుంటున్నా. మొదట డాక్టరు పది రోజులకే రాశారు, తర్వాత అదే చీటీ చూపించి నేనే కొనుక్కుంటూ వచ్చా. తప్పే. ముందే ఒప్పుకున్నా కాబట్టి దాని మీద క్లాసు పీకబాకండి.

ఈ మధ్య పొద్దున పదకొండు దాకా తల మొద్దుగా ఉంటోంది. నోట్లు లెక్కపెట్టేది మిషనే అయినా చీటీలో అంకె చూసేది, సిస్టంలో కొట్టేది, కట్ట విప్పి ఇచ్చేది మనమే గదా. మొన్న ఒకాయనకి 40 వేలు ఇవ్వాల్సి ఉంటే 500 నోట్ల కట్ట కట్టే ఇచ్చేశా, 50 వేలు. సాయంత్రం క్యాష్ మూసేటప్పుడు పదివేలు తక్కువ. కెమెరాలో చూస్తే నేనే కట్ట తీశా, ఇరవై నోట్లు తీయడానికి దాన్ని విప్పబోయా, మళ్లీ ఎందుకో ఆగిపోయి అట్టాగే చేతిలో పెట్టేశా. నా మొహం నేనే చూసుకుంటే ఎవరో వేరే మనిషిలా ఉంది. ఆయన అల్లూరు వైపు రొయ్యల రైతు, మంచోడు, మర్నాడు పొద్దున్నే తెచ్చిచ్చాడు. లేకపోతే నా జీతంలోంచే కట్టాల్సింది.

అసలు భయపెట్టింది అది కూడా కాదు. పోయిన శనివారం బొమ్మిడాయిలు తెస్తే మామిడికాయేసి పులుసు పెట్టా. మర్నాటికే దాని రుచి గదా, అందుకని రాత్రి పెరుగన్నంతో సరిపెట్టి చట్టి మూతపెట్టి గట్టు మీద ఉంచా. ఆదివారం పొద్దున చూస్తే చట్టిలో రవంత గుజ్జు, రెండు మామిడి ముక్కలు. మా ఆయన మీద ఎగిరా. ఆయన తినలేదంటే తినలేదన్నాడు. పిలకాయలు హాస్టల్లో ఉన్నారు. సింకులో పళ్లెం తీసి చూస్తే ముళ్లన్నీ అంచు వెంబడి వరసగా పేర్చి ఉన్నాయి. మా ఇంట్లో ముళ్లు అట్టా పేర్చేది నేనొక్కదాన్నే. చెయ్యి వాసన చూసుకున్నా. పులుసు వాసన.

నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఇది బిళ్ల వల్లేనా, లేక నాకేమన్నా జబ్బు మొదలైందా?

పెన్నా గట్టు (నెల్లూరు)
సోమవారం, రాత్రి 10:15

అక్కా, పులుసు పోయినందుకు ముందుగా సంతాపం. నవ్వులాటకి అన్నాలే, ఏమనుకోబాక.

నాకూ ఇట్టాంటిదే ఒకటి జరిగింది, కాకపోతే ఒక్క పూట. కడుపులో మంటకి ఎండోస్కోపీ చేయించా. గొట్టం దింపే ముందు నరానికి ఏదో సూది ఇచ్చారు. నాకు గుర్తున్నది అంతవరకే, ఆ తర్వాత మా ఇంట్లో మంచం మీద ఉన్నా. మధ్యలో నేను డాక్టరుతో మాట్లాడానంట, ఫీజు ఎక్కువన్నానంట, ఆటో ఆయనతో ఇరవై రూపాయలకి బేరమాడానంట, ఇంటికొచ్చి రెండిడ్లీ తిని చట్నీలో ఉప్పు తక్కువైందని మా ఆవిణ్ని అన్నానంట. అన్నీ నేను చేసే పనులే, నిజమే. కానీ నేను అక్కడ లేను. మా ఆవిడ ఇప్పటికీ ఆ రోజు మాట ఇచ్చావని ఏవేవో అడుగుతా ఉంటది, ఒప్పుకోవాలో కాదనాలో తెలియదు.

ఒంగోలు డాక్టర్
సోమవారం, రాత్రి 11:05

పెన్నా గట్టు గారికి ఇచ్చింది మిడాజోలం అయి ఉంటుంది. అది నిద్ర బిళ్లల కుటుంబంలోదే. ఆ గొట్టం దింపిన బాధ గుర్తుండకూడదనే దాన్ని ఇస్తారు, అంటే అక్కడ మరిచిపోయేలా చేయడం ఆ మందు పనే, పొరపాటు కాదు.

కౌంటర్ 3 గారూ, నేను మానసిక వైద్యం చూస్తాను. ఇక్కడ రాసేది వైద్యం కాదు, మిమ్మల్ని చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, అదీ ఈ వారంలోనే. కానీ విషయం చెప్తాను.

ముందు డోసు సంగతి. జోల్పిడెమ్ మగవాళ్ల కంటే ఆడవాళ్ల ఒంట్లోంచి నిదానంగా పోతుంది. అందుకే అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2013 జనవరిలో ఆడవాళ్ల డోసును 10 నుంచి 5 ఎంజీకి తగ్గించింది. 10 ఎంజీ వేసుకున్న ఎనిమిది గంటల తర్వాత చూస్తే, బండి నడపడానికి ఇబ్బంది పెట్టేంత మందు ఆడవాళ్లలో సుమారు 15 శాతం మంది రక్తంలో ఇంకా ఉంది, మగవాళ్లలో 3 శాతం మందిలో ఉంది. ఆ మందుకు అక్కడ 1992లోనే అనుమతి వచ్చింది, అంటే ఆడవాళ్లకు డోసు వేరని చెప్పడానికి ఇరవై ఏళ్లు పైనే పట్టింది. ఇంకో మాట కూడా వాళ్లు అప్పుడే చెప్పారు: మనిషికి పూర్తిగా మెలకువ వచ్చినట్టే అనిపిస్తుంది, అయినా చురుకు తగ్గి ఉండొచ్చు. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. తల మొద్దుగా ఉందో లేదో కొలవాల్సింది కూడా ఆ తలే కదా.

మీరు ఎన్నింటికి వేసుకుని ఎన్నింటికి లేస్తారు?

కౌంటర్ 3 (కావలి)
సోమవారం, రాత్రి 11:20

పదకొండుకి పడుకుంటా డాక్టరు గారూ. పట్టకపోతే ఒంటి గంట దాకా చూసి అప్పుడు వేసుకుంటా. బిళ్ల లేకుండా పడితే మంచిదే గదా అని. ఐదున్నరకి లేవాలి, క్యారేజీలు కట్టాలి.

ఒంగోలు డాక్టర్
సోమవారం, రాత్రి 11:40

అంటే నాలుగున్నర గంటలు. ఆ బిళ్ల వేసుకుంటే తర్వాత ఏడెనిమిది గంటలు పడకలో ఉండే వీలుండాలి. మీరు బిళ్ల మానాలనే మంచి ఉద్దేశంతోనే ఆలస్యం చేస్తున్నారు, దాంతో కౌంటర్లో కూర్చునే వేళకి మందు ఇంకా ఒంట్లోనే ఉంటోంది.

పులుసు సంగతి. మీరు నిద్రలో లేచి తిన్నారా, మెలకువగానే తిని మరిచిపోయారా అన్నది ఇప్పుడు తేల్చలేం. ఈ మందుతో రెండూ జరుగుతాయి. మీ లెక్కల్లోనే చెప్తాను. కౌంటర్లో డబ్బు తీసుకున్నారు, స్లిప్పు మీద ముద్ర కూడా వేశారు, కానీ ఖాతాలో జమ ఎక్కలేదు. మెదడులో గాబా అని ఒక రసాయనం ఉంది, నాడుల పనిని నెమ్మదింపజేసేది. ఈ బిళ్లలు దాని ప్రభావాన్ని పెంచుతాయి. నిద్ర వచ్చేది అందుకే, కొత్త సంగతులు జ్ఞాపకంలోకి ఎక్కకపోయేదీ అందుకే. ఎక్కనిది తర్వాత ఎంత వెతికినా దొరకదు. పాత ఖాతాలు మాత్రం భద్రంగా ఉంటాయి, మీ పెళ్లి రోజు, పిల్లల పుట్టిన రోజులు ఎక్కడికీ పోవు.

మీరు గ్యాస్ వెలిగించలేదు, సంతోషం. బండి తీసుకుని బయటికి పోలేదు, అదీ సంతోషమే. ఇలా నిద్రమత్తులో వంట చేసినవాళ్లు, బండి నడిపినవాళ్లు ఉన్నారు. 2019లో ఎఫ్‌డీఏ దీని మీద అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టించింది. ఇలాంటి మందుల మీద 26 ఏళ్లలో వాళ్ల లెక్కకు వచ్చిన తీవ్రమైన సంఘటనలు 66, అందులో 20 మంది చనిపోయారు. కోట్లమంది వాడే మందుకు అది చిన్న అంకె, కాదనను. కానీ ఒకసారి ఇలా జరిగినవాళ్లు ఆ మందు మళ్లీ వాడకూడదన్నది ఆ హెచ్చరికలోనే ఉంది. అందుకే ఈ వారంలోనే వెళ్లండి అన్నాను.

గ్రూప్స్ బ్యాచ్
మంగళవారం, ఉదయం 7:30

అక్కా మీ పోస్టు చదివాక నాకు చెమట పట్టింది. నేను నెల్లూరులో రూమ్ తీసుకుని గ్రూప్ 2కి చదువుతున్నా. నాది అల్ప్రాజోలం 0.5, రూమ్మేటు ఇచ్చాడు. రాత్రి పదకొండుకి వేసుకుని, అది ఎక్కేలోపు ఓ గంట పాలిటీ తిరగేస్తా, టైం వేస్టు కాకుండా. పొద్దున పుస్తకం తీస్తే స్కెచ్ పెన్ను గీతలుంటాయి, పక్కన నా చేతిరాతతో నోట్సు ఉంటది, ఒక్క ముక్క చదివినట్టు ఉండదు. ఆర్టికల్ 32 ఏదో 226 ఏదో మోడల్ పేపర్లో తారుమారు చేసొచ్చా. అది నేను ఇంటర్ నుంచి చెప్పే పాఠం. టెన్షన్ వల్ల అనుకున్నా ఇన్నాళ్లు.

ఒంగోలు డాక్టర్
మంగళవారం, మధ్యాహ్నం 1:10

తమ్ముడూ, రోజు మొత్తంలో చదువుకి పనికిరాని గంటను వెతికి మరీ పట్టుకున్నావు. బిళ్ల వేసుకున్నాక చదివింది ఎక్కదు, పైన జమ గురించి చెప్పింది నీకూ అంతే. అది ఒక్కటే కాదు. పగలు చదివింది రాత్రి గాఢనిద్రలో కుదురుకుంటుంది. ఈ రకం బిళ్లలు నిద్ర గంటలు పెంచుతాయి గానీ ఆ గాఢనిద్ర వంతును తగ్గిస్తాయి. అల్ప్రాజోలం సగానికి తగ్గడానికే సుమారు పదకొండు గంటలు పడుతుంది, అంటే పొద్దున పదింటికి నువ్వు మోడల్ పేపర్ రాసేటప్పటికి రాత్రి బిళ్లలో సగం నీతోనే హాల్లో కూర్చుని ఉంది.

ఎన్నాళ్ల నుంచి? రోజూనా? రోజూ అయితే రేపటి నుంచి మానేస్తానని మాత్రం అనకు, ముందు డాక్టరుకు చూపించు. చూపించడానికి మొహమాటంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం అడగరు.

నెల్లూరు మందుల షాపు
మంగళవారం, మధ్యాహ్నం 2:25

రూమ్మేటు ఇచ్చాడు అన్నావే, ఆ రూమ్మేటుకి ఎవరిచ్చారో కనుక్కో. అల్ప్రాజోలం, డయజెపామ్, నైట్రజెపామ్, జోల్పిడెమ్ ఇవన్నీ 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇస్తే డాక్టరు పేరు, పేషంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టర్లో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి. స్ట్రిప్పు మీద ఎర్ర గీత పెట్టెలో హెచ్చరిక ఉండేది అందుకే. మా దగ్గరికి రోజుకి నలుగురైనా వస్తారు, "అన్నా, ఆ చిన్న తెల్ల బిళ్ల, అమ్మకి నిద్ర పట్టడంలా" అని. లేదంటే పక్క షాపుకి పోతారు, అక్కడ దొరుకుద్ది, ఆ షాపు పేరు మాత్రం నన్ను అడగబాకండి.

క్వార్టర్ వేసి దాని మీద బిళ్ల వేసే బాబులకి ఒక మాట: రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది, నిద్రలోనే పోవచ్చు. గురక గట్టిగా పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్లకు క్వార్టర్ లేకపోయినా ఆ బిళ్లతో కష్టమే. తెలంగాణలో కల్తీ కల్లు ఆగిన రోజుల్లో జనం పిచ్చిగా ప్రవర్తించి ఆసుపత్రుల్లో చేరారని పేపర్లో చదివి ఉంటారు. ఆ కల్లులో కలిపే వాటిలో ఈ అల్ప్రాజోలం ఒకటి. రోజూ వేసుకుని ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో తెలుసుకోవడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

పొగాకు బ్యారన్ (కొండపి)
మంగళవారం, రాత్రి 8:00

ఇక్కడ అందరూ కలిసి పిల్లల్ని బెదరగొడుతున్నారు. నాకు 71. 2007లో మా ఇంటామె పోయినప్పటి నుంచి అల్ప్రాజోలం 0.5 రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి. ఇప్పటిదాకా నాకేం కాలేదు. వయసులో ఉన్నప్పుడు పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాల్చేటప్పుడు ఆకు రంగు తిరిగే రాత్రుళ్లు కన్ను మూసింది లేదు, గంటకోసారి లేచి థర్మామీటర్ చూసేది, మంట ఎగదోసేది. అట్టా అలవాటైన ఒళ్లు, ఇప్పుడు పని లేకపోయినా పన్నెండు దాకా కళ్లు మూతపడవు. బిళ్ల లేకపోతే ఆ పన్నెండు దాకా గోడ చూస్తా పడుకోవాలి. ఒంటరి మనిషికి అదెంత యాష్టగా ఉంటుందో డాక్టరు గారికి తెలుసునో లేదో.

మతిమరుపు అంటారా, రోజూ సాయంత్రం మా అరుగు మీద నలుగురం రమ్మీ వేస్తాం. వచ్చి నన్ను ఓడించండి చూద్దాం.

చీమకుర్తి స్టీరింగు
మంగళవారం, రాత్రి 11:50

నిద్ర బిళ్ల ఒక్కటే కాదన్నా, నేను జలుబు బిళ్లతో చచ్చి బతికా. నేను గ్రానైట్ దిమ్మెలు కృష్ణపట్నం పోర్టుకి తోలతా. రాత్రి తోలి పగలు పడుకోవాల. పగలు నిద్ర పట్టదు, ఎండ, పిలకాయల గోల, దానికి తోడు కరెంటు. ఎవురో చెప్పారు, జలుబు బిళ్ల రెండేసుకో మత్తుగా పడతదని. చీటీ అడగరు, ఐదు రూపాయలు. నెల రోజులు బాగా పడింది.

ఒకరోజు రాత్రి లోడుతో బయల్దేరా. టంగుటూరు టోల్ దాటింది గుర్తుంది. ఆ తర్వాత నాకు గుర్తున్నది కోవూరు. మధ్యలో కావలి కాడ టోల్ దాటానా లేదా? నిద్రపోలేదు, అది మాత్రం ఖాయం, పక్కన క్లీనర్ ఉన్నాడు, నేను పాటలు కూడా పాడానంట. ఫోన్ తీసి చూస్తే ఫాస్టాగ్ మెసేజ్ ఉంది, డబ్బులు కట్ అయ్యాయి, టైముతో సహా. నలభై టన్నుల రాయి ఎనకాల పెట్టుకుని నేను లేకుండా నా చేతులే బండి తోలాయి. బండి పక్కకి తీసి అరగంట కూర్చున్నా, చేతులు వణికినాయి.

ఒంగోలు డాక్టర్
బుధవారం, ఉదయం 6:40

చీమకుర్తి అన్నా, జలుబు బిళ్లల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. అది ఒంట్లో సగం తగ్గడానికే సుమారు 20 గంటలు. పగలు వేసుకున్నది రాత్రి స్టీరింగు దగ్గరా ఉంటుంది, మర్నాడు మళ్లీ వేసుకుంటే పాతదాని మీద కొత్తది పేరుకుంటుంది. నెల వేసుకున్నావంటే లెక్క వేసుకో. జ్ఞాపకానికి కావాల్సిన అసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనాన్ని ఈ పాతకాలం అలర్జీ మందులు అడ్డుకుంటాయి. నిద్ర బిళ్ల కాదు కదా అని వీటిని తేలిగ్గా తీసుకుంటారు, ముసలివాళ్లకైతే ఇవి ఇంకా చేటు.

కొండపి పెద్దాయన గారూ, మీ మాట కొట్టిపారేయను. ఒంటరి రాత్రి ఎంత పొడుగో రోజూ నా గదిలో కూర్చునేవాళ్లు చెప్తూనే ఉంటారు. మీకు ఏమీ కాలేదు అన్నదాని మీద మాత్రం ఒక అనుమానం చెప్పనీయండి. ఏళ్ల తరబడి వాడితే మత్తుకు ఒళ్లు అలవాటు పడుతుంది, అందుకే పగలు తూగు రాదు, బాగానే ఉన్నాం అనిపిస్తుంది. జ్ఞాపకం మీద, చురుకు మీద ఉండే దెబ్బకు అంతగా అలవాటు పడదు. పైగా అరవై ఐదు దాటాక కాలేయం నిదానిస్తుంది, అదే అర ఎంజీ ఇదివరకటి కంటే ఎక్కువ పని చేస్తుంది. 1991లో బీర్స్ అనే అమెరికా డాక్టరు ముసలివాళ్లకు ఇవ్వకూడని మందుల జాబితా మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ జాబితాలో ఈ కుటుంబం మొత్తం ఉంది. కారణం మతిమరుపు ఒక్కటే కాదు, రాత్రి లేచి పడటం, తుంటి ఎముక విరగడం.

ఒక్క పని చేయండి. రమ్మీలో ఎవరు గెలిచారో రోజూ మీ మనవడితో రాయించండి. మీరు రాయొద్దు.

పొగాకు బ్యారన్ (కొండపి)
బుధవారం, ఉదయం 9:15

రాయిస్తా. మీరే చూస్తారు.

అల్లూరు కోడలు
బుధవారం, మధ్యాహ్నం 3:30

ఇది చదివి మా అత్త గురించి రాయాలనిపించింది. ఆమెకి 72. క్లోనజెపామ్, ఇదీ నిద్ర బిళ్లల రకమే, ఒక చోట రాశారు, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్ ఇంకో చోట రాశారు, దురదకి ఇంకేదో బిళ్ల. ఒకరు రాసింది ఒకరికి చూపించలా. ఏడాది నుంచి అడిగిందే అడుగుద్ది. పాలు పోసినోడికి డబ్బులిచ్చామా అని పొద్దున మూడుసార్లు. పోయిన నెల తెల్లవారు మూడింటికి బాత్రూంలో పడి మణికట్టు విరిగింది. అందరూ అల్జీమర్స్ అనేశారు. మా ఆడబిడ్డలు అప్పుడే ఆస్తి కాగితాల గురించి గుసగుసలు మొదలుపెట్టారు, ఆ కథ వేరే. ఈ బిళ్లల వల్లే అల్జీమర్స్ వస్తుందని ఎక్కడో చదివా, నిజమేనా?

ఒంగోలు డాక్టర్
బుధవారం, రాత్రి 9:30

వస్తుందని తేలలేదు అమ్మా. 2014లో కెనడాలోని క్యూబెక్ రికార్డులతో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. అల్జీమర్స్ వచ్చిన 1,796 మందిని, రాని 7,184 మందితో పోల్చి చూశారు. ఈ రకం బిళ్లలు ఎప్పుడైనా వాడినవాళ్లలో ఆ జబ్బు సుమారు 51 శాతం ఎక్కువ కనబడింది. పేపర్లన్నీ అదే రాశాయి. అదే జర్నల్‌లో 2016లో అమెరికా సియాటిల్ వైపు నుంచి ఇంకోటి వచ్చింది, దాంట్లో బాగా ఎక్కువగా వాడినవాళ్లలో ముప్పు పెరగలేదు. బిళ్లే కారణమైతే ఎక్కువ వాడినవాళ్లలో ఎక్కువ కనబడాలి కదా. ఇంకో చిక్కుంది, అల్జీమర్స్ బయటపడటానికి కొన్నేళ్ల ముందే నిద్ర చెడుతుంది, దిగులు పుడుతుంది. అంటే జబ్బే బిళ్లను తెచ్చిందా, బిళ్ల జబ్బును తెచ్చిందా అన్నది చెప్పడం కష్టం.

మీ అత్తగారి విషయంలో మాత్రం ముందు అల్జీమర్స్ అనే మాట పక్కన పెట్టండి. క్లోనజెపామ్ సగం తగ్గడానికే 30, 40 గంటలు. అమిట్రిప్టిలిన్, ఆ దురద బిళ్ల రెండూ కలిస్తే ఆరోగ్యంగా ఉన్న ముసలామె కూడా తికమక పడుతుంది. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని ఒకే డాక్టరు ముందు కుమ్మరించండి. థైరాయిడ్, బి12 చూపించండి. ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. ఏళ్లుగా వాడుతున్న క్లోనజెపామ్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5, 10 శాతం చొప్పున తగ్గిస్తారు, నెలలు పడుతుంది.

గ్రూప్స్ బ్యాచ్
బుధవారం, రాత్రి 10:10

మరి బిళ్ల లేకుండా పట్టేదెట్టా సార్? పాలు తాగు, ఫోన్ చూడకు అని మాత్రం చెప్పబాకండి.

ఒంగోలు డాక్టర్
బుధవారం, రాత్రి 10:45

చెప్పను. 2016లో అమెరికా ఫిజిషియన్ల సంఘం బిళ్లకంటే ముందు ఇవ్వాల్సిందని చెప్పిన వైద్యం ఒకటుంది, సీబీటీఐ అంటారు, మందు లేకుండా నిద్ర అలవాట్లు మార్చేది. వినడానికి మొరటుగా ఉంటుంది. నువ్వు నిజంగా ఐదున్నర గంటలే నిద్రపోతున్నావనుకో, మంచం మీద కూడా ఐదున్నర గంటలే ఉండాలి. ఒంటి గంటకు పడుకో, ఆరున్నరకు లే, ఆదివారం కూడా ఆరున్నరే. మధ్యాహ్నం కునుకు లేదు. మంచమెక్కి ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి మిద్దె మీదికి పో, కళ్లు మూతలు పడ్డాకే మళ్లీ రా. మంచం మీద పుస్తకం వద్దు. మొదటి వారం నరకం, ఆ వారం బండి నడపకు. నిద్ర గట్టిపడ్డాక పావుగంట చొప్పున పెంచుతారు. లారీ తోలే అన్నకి ఇది సొంతంగా చెయ్యమని చెప్పను, మూర్ఛ ఉన్నవాళ్లకీ చెప్పను.

కౌంటర్ 3 (కావలి)
పదకొండు రోజుల తర్వాత, రాత్రి 9:20

చూపించుకున్నా. పులుసు సంగతి చెప్పగానే ఆ డాక్టరు పెన్ను కింద పెట్టేశారు. జోల్పిడెమ్ పూర్తిగా ఆపించారు, కొన్నాళ్ల పాటు వేరే మందు తక్కువ డోసులో ఇచ్చి దాన్ని కూడా తగ్గించుకుంటూ పోదామన్నారు. అసలు నిద్ర ఎందుకు పోయిందని అడిగారు, ఈ పదకొండు నెలల్లో నన్నది ఎవరూ అడగలా, నేనూ అనుకోలా. రాత్రిళ్లు ఒంట్లో ఆవిర్లు, చెమట, దుప్పటి తీయడం కప్పడం. వయసు అది గదా. దానికి వేరే వైద్యముందంట.

మొదటి నాలుగు రాత్రులు తెల్లార్లూ జాగారమే. మా ఆయన కూడా మేలుకుని కూర్చున్నాడు, ఆయనకి పులుసు మీద అనుమానం ఇంకా పోలా.

అల్లూరు కోడలు
మూడు నెలల తర్వాత, ఉదయం 11:00

అత్త స్ట్రిప్పులు కవర్లో వేసుకుని పోయాం, మొత్తం తొమ్మిది రకాలు తేలాయి. దురద బిళ్ల, అమిట్రిప్టిలిన్ మార్చారు. క్లోనజెపామ్ ఇంకా తగ్గిస్తానే ఉన్నారు. బి12 తక్కువుందని సూదులు. పూర్తిగా బాగైందని చెప్పను, పేర్లు ఇంకా తడుముకుంటది. కానీ పాలాయనకి డబ్బులివ్వబోతే, "నిన్న ఇచ్చాం గదే" అంది. నేనే మరిచిపోయా.

పొగాకు బ్యారన్ (కొండపి)
మూడు నెలల తర్వాత, రాత్రి 7:40

డాక్టరు గారికి బాకీ ఉంది కాబట్టి రాస్తున్నా. మనవడు నెల రోజులు రాసిన రమ్మీ లెక్క నాకు చూపించాడు. నేను గెలిచింది ఆరు ఆటలు. రోజూ గెలిచానని నాకు గట్టిగా గుర్తు. ఇంకో సంగతి కూడా వాడు పక్కన రాసి పెట్టాడు, నేను అడక్కుండానే: తాత జోకరు ఏందని ఒక ఆటలో మూడుసార్లు అడిగాడు అని. మిగతా ముగ్గురూ ఎన్నాళ్ల నుంచో గమనిస్తానే ఉన్నారంట, పెద్దాయన, నొచ్చుకుంటాడని గమ్మున ఉన్నారంట. నాకు ఒళ్లు మండింది, వాళ్ల మీదే.

కొడుకు వచ్చి తీసుకుపోయాడు. తగ్గిస్తున్నారు, బిళ్ల కోసే చిన్న డబ్బా కొనిచ్చాడు. రాత్రి పన్నెండు దాకా గోడ చూడటం మళ్లీ మొదలైంది. కొన్నిసార్లు మా ఇంటామె గొంతు గుర్తొస్తుంది, ఇన్నేళ్లలో లేనంత స్పష్టంగా. అది మందు తగ్గినందుకేనా అని అడగను, చెప్పొద్దు కూడా.

ఈ వారం నాలుగు గెలిచా. మనవడు రాసిన లెక్కే.

చీమకుర్తి స్టీరింగు
మూడు నెలల తర్వాత, రాత్రి 8:05

పెద్దాయనా, పండక్కి వస్తా కొండపికి. పేకలు నేనే తెస్తా.

కౌంటర్ 3 (కావలి)
మూడు నెలల తర్వాత, రాత్రి 9:00

నేనూ చెప్పాలి గదా. బిళ్ల లేకుండా ఐదు వారాలు. రోజూ పట్టదు, వారంలో రెండు రాత్రులు ఒంటి గంట రెండు అవుతాయి. క్యాష్ తేడా రాలా. నిన్న శనివారం మళ్లీ బొమ్మిడాయిలు తెచ్చి పులుసు పెట్టా, మా ఆయన మూత మీద రుబ్బురోలు పొత్రం పెట్టి పడుకున్నాడు. పొద్దున చూస్తే చట్టి నిండా ఉంది.

పెన్నా గట్టు (నెల్లూరు)
మూడు నెలల తర్వాత, రాత్రి 9:12

పులుసులో మామిడికాయ ఏ కాయేశావక్కా? మా ఆవిడ అడుగుతోంది.